నిద్ర తగ్గిస్తే చదువు పెరుగుతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. ప్రవేశ పరీక్షకు ప్రిపేర్ అవుతోంది. రాత్రి ఒంటిగంట దాకా చదివి, మళ్లీ ఐదింటికే లేస్తోంది. అయినా ఏదీ గుర్తుండటం లేదని ఏడుస్తోంది. తనకు ఈ కోర్సు సరిపడదేమో అనిపిస్తోంది. మార్పించాలా? – ఒక తల్లి

జవాబు: ఇప్పుడే మార్చకండి. నాలుగు గంటల నిద్రతో నెట్టుకొస్తున్న పిల్లకు దేని మీద ఇష్టం ఉందో, ఏది రాదో ఎవరూ చెప్పలేరు. రెండు మూడు వారాలు కంటినిండా నిద్రపోయాక కూడా పుస్తకం ముట్టబుద్ధి కాకపోతే, అప్పుడు ఆలోచిద్దాం.

పగలు చదివింది మొదట మెదడులో హిప్పోకాంపస్ అనే భాగాన్ని ఆసరా చేసుకుని ఉంటుంది. గాఢనిద్రలో మెదడు దాన్ని మళ్లీ మళ్లీ తిరగేసి, కార్టెక్స్ అనే పైపొరలో స్థిరపరుస్తుంది. నిద్ర సుమారు 90 నిమిషాల విడతలుగా సాగుతుంది. గాఢనిద్ర ఎక్కువగా మొదటి సగంలో ఉంటుంది, కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్ర తెల్లవారేకొద్దీ పెరుగుతుంది. ఐదింటి అలారం కోసేది ముఖ్యంగా దీన్నే. పైగా నిద్ర చాలని మెదడు మర్నాడు కొత్త పాఠాన్ని సరిగా పట్టుకోలేదు. అంటే మీ అమ్మాయి రెండు వైపులా నష్టపోతోంది. పాపం, తెలివి లేక కాదు.

కాఫీతో సర్దుకుంటోందేమో చూడండి. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పేరుకుంటూ నిద్ర ముంచుకొస్తుంది. కాఫీ దాన్ని తగ్గించదు, దాని ప్రభావం తెలియకుండా అడ్డుపడుతుందంతే. చాలామందికి తాగిన ఐదారు గంటల తర్వాత కూడా అందులోని కెఫీన్ సగం ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత మాన్పించండి.

ఈ వయసులో నిద్రవేళను సూచించే మెలటోనిన్ అనే హార్మోన్ విడుదల ఆలస్యమవుతుంది, అందుకే త్వరగా నిద్ర రాదు. బద్ధకం అని తిట్టకండి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలి. పడుకునే సమయాన్ని రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున వెనక్కి జరుపుతూ పదిన్నరకు తీసుకురండి. లేవడం ఆరున్నరకు, సెలవు రోజైనా అంతే. లేవగానే కాసేపు ఎండలో నిలబడమనండి. కష్టమైన లెక్కలు పగటికి మార్చి, పగలు చదివింది గుర్తు తెచ్చుకోవడానికి రాత్రి అరగంట ఉంచితే చాలు.

ఇవన్నీ చేసినా వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, నిద్రలో గట్టిగా గురక పెడుతున్నా డాక్టరుకు చూపించండి.