ఎర్రగా ఉన్నవన్నీ సాకై చేపలు కావు

కర్నూలు

చిరంజీవి సౌభాగ్యవతి మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

సియాటిల్ వాగుల్లోకి గుడ్లు పెట్టడానికి వచ్చే సాల్మన్ చేపలను పిల్లలకు చూపించాలని, ఏది ఏ జాతో పోల్చుకోవడం ఎలాగని అడిగావు. చాలా సంతోషం తల్లీ. ఇక్కడ తుంగభద్ర చేపలను విద్యార్థులకు నోరు చూపించి నేర్పేవాణ్ణి. బొచ్చెకు నోరు పైకి ఉంటుంది, ఎర్రమోసుకు కిందికి. రంగును నమ్మవద్దనేవాణ్ణి. సాల్మన్ల దగ్గర మాత్రం రంగుతోనే మొదలుపెట్టు, కానీ అక్కడే ఆగిపోకు.

సముద్రంలో ఉన్నంతకాలం అక్కడి ఐదు జాతులూ (సాకై, కోహో, చినూక్, చమ్, పింక్) వెండిరంగులోనే ఉంటాయి. నదిలోకి వచ్చాక మేత మానేస్తాయి. రొయ్యల జాతి చిన్న జీవులను తిన్నప్పుడు కండలో చేరిన ఎరుపు వర్ణకం అప్పుడు చర్మంలోకి, గుడ్లలోకి వెళుతుంది. అందుకే సముద్రం నుంచి చేపలు లోపలికి వచ్చే చోట, బాలర్డ్ లాక్స్ అనే పడవల గేట్ల దగ్గర అద్దాల వెనక కనిపించేవి చాలావరకు ఇంకా వెండిలాగే ఉంటాయి. రంగులు చూడాలంటే శరత్కాలంలో, నది ఎగువకు వెళ్ళాలి.

నువ్వు పంపిన ఫోటోలోని చేప ఎర్రగా ఉందని సాకై అన్నావు. అది కోహో అని నా నమ్మకం. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మగ సాకైకి ఒళ్ళంతా పండుమిరప ఎరుపు, తల ఆకుపచ్చ. వీపు మీదా తోక మీదా స్పష్టమైన నల్లచుక్కలు ఉండవు. కోహో ఎరుపు మాసినట్టుంటుంది, అదీ పక్కలకే. వీపు ముదురురంగు, తోకలో చుక్కలు పై సగంలోనే. నీ ఫోటోలో తోకను పెద్దదిగా చేసి చూడు. చినూక్ కూడా ఒక్కోసారి ఎర్రబారుతుంది, కానీ దాని తోకలో రెండు సగాల మీదా చుక్కలుంటాయి. ఐదింటిలోనూ పెద్దది అదే. కాబట్టి ఫోటో ఎప్పుడూ పక్కనుంచి, తోక పూర్తిగా పడేలా తీయి.

చమ్‌తో ఇబ్బంది లేదు. పచ్చటి ఒంటి మీద ఊదా, ఎరుపు చారలు పైనుంచి కిందికి అడ్డదిడ్డంగా ఉంటాయి. నవంబరులో కార్కీక్ పార్కు వాగులో కనిపిస్తుంది. మగ పింక్‌కు వీపు మీద పెద్ద మూపురం, తోక నిండా కోలగా ఉండే పెద్ద మచ్చలు. మీ ప్రాంతానికి అది ప్రధానంగా బేసి సంవత్సరాల్లోనే వస్తుంది. సరి సంవత్సరంలో ఆ పేరు తొందరపడి చెప్పకు.

ఈ రంగులూ మూపురమూ మగచేపల గుర్తులు. ఆడవాటికి రంగు తక్కువ, దవడ అంతగా వంకర తిరగదు. ఆడ చమ్‌కు పక్కన పొడవునా నల్లటి గీత ఉంటుంది. గులకరాళ్ళు తవ్వి తవ్వి ఆడచేప తోక అరిగి తెల్లబడుతుంది, దాన్ని జాతి లక్షణం అనుకోవద్దు. సందేహం వస్తే పక్కనే కాపలా తిరిగే మగచేపను చూడు.

నీటి మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్ళద్దాలు తప్పక కొనుక్కో. ఒడ్డున చచ్చిపడిన చేప దొరికితే చిగుళ్ళు చూడు. చినూక్‌కు నల్లగా, కోహోకు పళ్ళ మొదళ్ళ దగ్గర తెల్లగా ఉంటాయి. చూశాక అక్కడే వదిలెయ్యి, వాగులోని పురుగులకూ పక్షులకూ అదే ఆహారం.

పిల్లలను మాత్రం నీళ్ళలో దిగనివ్వకు. వాగు అడుగున గులకరాళ్ళు ఒకచోట కడిగినట్టు తెల్లగా కనిపిస్తే దాని కింద గుడ్లుంటాయి, అడుగు పడితే నలిగిపోతాయి. వంతెన మీద నుంచో, ఒడ్డు నుంచో చూడండి.

ఆశీస్సులతో,
పెదనాన్న