కారు ఇచ్చేసి పికప్ తెస్తానంటున్నారు, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. మా ఆయన ఉద్యోగం మానేశారు. ఏడేళ్ల నాటి మా ఎస్‌యూవీ ఇచ్చేసి, సెకండ్ హ్యాండ్ పికప్ తెచ్చి టమాటా బాడుగలకు తోలతానంటున్నారు. ఆ కారుకి మా నాన్న 4 లక్షలు ఇచ్చారు. అత్తగారిని నెలకు రెండుసార్లు తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వద్దంటే "నా మీద నమ్మకం లేదా" అని మాటలు మానేశారు.

జవాబు: అమ్మా, మీ ఇంట్లో రెండు గొడవలు ఒక్కటై కూర్చున్నాయి. ఒకటి బండిది, ఇంకొకటి నాన్నగారి డబ్బుది. డబ్బు సంగతి ముందు తేల్చుకోండి. ఆ 4 లక్షలు పికప్‌లో పెట్టుబడిగా పోతాయా, మీ ఖాతాకు వెనక్కి వస్తాయా అన్నది ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. ఆర్‌సీ మీ పేరున ఉంటే, పేరు మార్పుకు పెట్టే 29, 30 ఫారాల మీద మీ సంతకం లేకుండా కారు చేతులు మారదు. దీన్ని బెదిరింపుగా వాడొద్దు. తొందర లేదని మీకు ధైర్యం ఉంటే చాలు.

ఇక లెక్క. మండీకి పోనురాను 60 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 12 ఇస్తే 5 లీటర్ల డీజిలు, దాదాపు 500 రూపాయలు. బాడుగ 1,800 వస్తే మిగిలేది 1,300. కిస్తు, ఇన్సూరెన్సు, టైర్లు, రిపేర్లు, ఇంటి ఖర్చు కలిపి నెలకు 36,000 కావాలంటే 28 ట్రిప్పులు పడాలి. మీ ఊరి బాడుగలు వేసి మళ్లీ కట్టి చూడండి. సీజన్లో ఇది కష్టం కాదు. అసలు భయం రేటు పడిపోయినప్పుడే. కోత కూలీ కూడా రాదని రైతు కాయను చెట్టుకే వదిలేస్తాడు, ఇక బాడుగ ఎక్కడిది? ఆ నెలల్లో సిమెంటో, దాణానో, ఇంకేం ఎత్తుతారో ఆయన్నే అడగండి. జవాబు ఉంటే ఆయన బాగా ఆలోచించినట్టే.

నమ్మకం మాట వస్తే ఇలా అనండి: "ఒక నెల తెలిసినవాళ్ల పికప్ మాట్లాడుకుని తోలండి, లెక్క నేను రాస్తాను." కారు నడిపే ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలు. 7,500 కిలోలు దాటని గూడ్స్ బండికి లైసెన్సు మీద వేరే ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి) అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

అత్తగారి ప్రయాణాల కోసమే కారు ఉంచుకోవాలంటే నేను ఒప్పుకోను. నెలకు రెండుసార్లు అద్దె కారు పెట్టుకోవడమే చవక. కానీ పికప్ తొట్టిలో మాత్రం ఇంట్లోవాళ్లని, ముఖ్యంగా పిల్లల్ని, ఎప్పుడూ ఎక్కించొద్దు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు చేతులెత్తేస్తుంది.

కొనేటప్పుడు పొద్దున్నే, చెప్పకుండా వెళ్లమనండి. బానెట్ వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజను ఒక్క సెల్ఫ్‌కే అందుకోవాలి. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పితే పొగ దమ్ముగా తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగినట్టే. తర్వాత కిందకి దూరి, కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) బిగించే బ్రాకెట్ల దగ్గర టార్చి వేయాలి. ఛాసిస్ మీద వెల్డింగ్ గాటు గానీ, అక్కడొక్కచోటే కొత్త నల్లరంగు గానీ కనిపిస్తే ఎంత తగ్గించినా వద్దు. కమాన్‌లో అదనపు పట్టీ వేయించారంటే ఓవర్‌లోడు తోలిన బండి. క్లచ్, గేర్‌బాక్సు కూడా ఆ బరువు మోసే ఉంటాయి. టైరు పక్క చివరి నాలుగంకెలు 2321 అంటే 2021లో 23వ వారం తయారీ.

కాగితాల్లో ఫిట్‌నెస్ చూడండి: 8 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి, దాటితే ఏటా చేయించాలి. ఆర్‌సీలో మొత్తం బరువు 3,000 కిలోలు దాటకపోతే పర్మిట్ అక్కర్లేదు. చలానాలు, పాత ఫైనాన్సు కూడా విచారించండి. అప్పు తీరిందని నోటిమాటగా చెబితే నమ్మొద్దు, ఫైనాన్సు వాళ్ల సంతకంతో 35వ ఫారం చేతికి రావాలి.

ఎక్స్ఛేంజ్ అని మాత్రం ఇవ్వకండి. "మీ కారు ఇచ్చి, పైన ఇంత కట్టండి" అంటే ఏ బండికి ఎంత వేశారో తెలియదు. కారు విడిగా అమ్మి, పికప్ విడిగా కొనండి. కారు అమ్మాక పేరు మార్పు పూర్తయ్యేదాకా వెంటపడండి. ఆర్‌సీ మీ పేరునే ఉండిపోతే రేపు దానికి యాక్సిడెంటయినా నోటీసు మీ ఇంటికే వస్తుంది.