మీ ప్రశ్న – మా జవాబు: లాంగ్ జంప్ నుంచి పోల్ వాల్ట్ దాకా

ఈసారి ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకుల ఉత్తరాలే ఎక్కువ. అందులోనూ జంప్స్ మీద ప్రశ్నలే ఎక్కువ కాబట్టి పేజీ మొత్తం వాటికే ఇచ్చాం.

1968 మెక్సికో ఒలింపిక్స్‌లో బాబ్ బీమన్ 8.90 మీటర్లు దూకడం అతని గొప్పేనా, లేక ఆ ఊరి ఎత్తు వల్ల కలిసొచ్చిందా? కాలేజీలో మాకు రోజూ ఇదే వాదన.
— డిగ్రీ విద్యార్థి, బరంపురం (గంజాం జిల్లా)

ఎత్తు కలిసొచ్చిన మాట నిజం. మెక్సికో సిటీ సముద్ర మట్టానికి దాదాపు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పలచన, పరుగుకు అడ్డు తక్కువ. ఆ రోజు, అక్టోబర్ 18న, వెనక గాలి కూడా సెకనుకు సరిగ్గా 2.0 మీటర్లు ఉంది. రికార్డుకు నియమం ఒప్పుకునే హద్దు అదే. కానీ అదే గుంటలో, అదే పలచని గాలిలో దూకిన మిగతావాళ్ళను చూడండి. రెండో స్థానం క్లౌస్ బేర్‌ది 8.19, మూడోది రాల్ఫ్ బోస్టన్‌ది 8.16. పలచని గాలి అందరికీ ఉన్నదే, తేడా మాత్రం 71 సెంటీమీటర్లు. జెస్సీ ఓవెన్స్ 1935లో దూకిన 8.13 నుంచి రికార్డు 8.35కి చేరడానికి 30 ఏళ్ళు పట్టింది. ఆ 30 ఏళ్ళలో పెరిగింది 22 సెంటీమీటర్లయితే, బీమన్ ఒక్క దూకుతో 55 పెంచాడు. కొలిచే యంత్రం అంత దూరం అందక టేపు తెచ్చి కొలిచారు.

వాదన తేల్చడానికి మెక్సికో కంటే టోక్యో మంచి సాక్ష్యం. 1991 ఆగస్టు 30న మైక్ పావెల్ 8.95 దూకాడు. అక్కడ ఎత్తు లేదు, వెనక గాలి 0.3 మాత్రమే. అదే పోటీలో కార్ల్ లూయిస్ 8.91 దూకినా గాలి 2.9 ఉండడంతో అది రికార్డు లెక్కలోకి రాలేదు. పావెల్ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

మా తమ్ముడు తొమ్మిదో తరగతి. వంద మీటర్ల ఉరుకుడుల తాలూకా ఫస్టు. లాంగ్ జంపుల మాత్రం ఐదు మీటర్లు దాటుతలేడు, దాటినప్పుడల్లా ఫౌలే. తప్పు ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, సిరోంచ (గడ్చిరోలి జిల్లా)

వేగం ఉన్న పిల్లవాడు ఐదు దగ్గర ఆగిపోతున్నాడంటే తప్పు కాళ్ళ బలంలో ఉండదు, చివరి నాలుగైదు అడుగుల్లో ఉంటుంది. పావెల్, లూయిస్ స్థాయి వాళ్ళు బోర్డు (కాలు మోపి లేచే పలక) దగ్గరికి సెకనుకు దాదాపు 11 మీటర్ల వేగంతో వస్తారు, ఆ వేగాన్ని వీలైనంత తక్కువ పోగొట్టుకుంటూ పైకి లేస్తారు. మీ తమ్ముడు బోర్డు కనబడగానే అడుగులు కుదిస్తూ ఉండవచ్చు, లేదా అందుకోవాలని చివరి అడుగు బారుగా చాపుతూ ఉండవచ్చు. చాపిన కాలు బ్రేకులా పనిచేస్తుంది. పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీస్తే రెంటిలో ఏదో తెలిసిపోతుంది.

ముందు రనప్, అంటే దూకే ముందు తీసే పరుగు, కొలవండి. ఆ వయసుకు 14 అడుగులు (అంగలు) చాలు. బోర్డు దగ్గర నిలబడి గుంటకు వీపు పెట్టి, పోటీలో పరుగెత్తినట్టే వెనక్కి పరుగెత్తమనండి. దూకే కాలు గీత (బోర్డుకు గుంట వైపు అంచు) మీద పెట్టి, రెండో కాలితో మొదటి అడుగు వేస్తే 14వ అడుగు మళ్ళీ దూకే కాలిదే అవుతుంది. అది పడిన చోట గుర్తు పెట్టండి. ఆరుసార్లు చేస్తే గుర్తులు ఒక చోట గుమిగూడతాయి. ఆ గుంపు మధ్యది తీసుకోండి. సుమారు 23 నుంచి 26 మీటర్ల మధ్య రావాలి. ఇక అక్కడి నుంచి బోర్డు వైపు పరుగు. పాదం ప్రతిసారీ ఎంత ముందుకు పడితే మొదలుపెట్టే గుర్తును అంతే వెనక్కి జరపండి. ఒకసారి ముందు, ఒకసారి వెనక పడుతుంటే మాత్రం గుర్తు జరపకండి. మొదటి మూడు అడుగులు రోజుకో రకంగా పడుతున్నాయన్నమాట, అవి ఒకేలా పడేదాకా సాధన చేయించండి. ఎదురుగాలి ఉన్నా, వానకు నేల మెత్తబడినా అడుగు పొట్టిదవుతుంది కాబట్టి గుర్తు కాస్త ముందుకు రావాలి. వెనక గాలైతే వెనక్కి.

చివరి రెండు అడుగులే అసలు విద్య. చివరి నుంచి రెండో అడుగు కాస్త పొడవుగా, నడుము కొద్దిగా దిగేలా పడాలి. చివరిది దానికంటే ఒక జానెడు పొట్టిగా, పాదమంతా ఒకేసారి నేలకు తాకి వెంటనే లేవాలి. రెండో కాలి తొడ నడుము ఎత్తుకు రావాలి. చూపు బోర్డు మీద కాదు, గుంట అవతల ఉన్న చెట్టు మీదో గోడ మీదో ఉండాలి. బోర్డు వంక చూస్తే తల వంగుతుంది, తలతో పాటు నడుమూ వంగుతుంది. వారానికి రెండు రోజులు, ఆరు అడుగుల చిన్న రనప్‌తో ఎనిమిది పది దూకులు చాలు. పూర్తి రనప్‌తో రోజూ దూకిస్తే మడమ దెబ్బతింటుంది.

దిగేటప్పుడు చేతులు వెనక్కి ఆనిస్తే కొలత ఆ చేతి గుర్తు నుంచే పడుతుంది, ఉత్తపుణ్యాన ముప్ఫై సెంటీమీటర్లు పోతాయి. మడమలు ఇసుకలో దిగగానే మోకాళ్ళు వంచి, తుంటిని మడమల మీదుగా ముందుకు తోయాలి.

ఫౌల్ నియమం 2021 చివరలో మారింది. ఇప్పుడు గీత నుంచి నిట్టనిలువుగా ఊహించుకునే హద్దును, కాలు నేల వదలకముందు బూటు ఏ కొంచెం దాటినా ఫౌలే. బోర్డు 20 సెంటీమీటర్ల వెడల్పు, 1.22 మీటర్ల పొడవు ఉండాలి, నేలతో సమంగా, కదలకుండా దిగాలి. తెల్ల రంగులో కాస్త సన్న ఇసుక కలిపి పూస్తే జారదు. గుంటకు ప్రాణహిత ఇసుక బాగుంటుంది. జల్లెడ పట్టి గులకరాళ్ళు తీసేయండి. కనీసం అడుగు లోతు ఉండాలి. దూకే ముందు నీళ్ళు చల్లి, పారతో తిరగేసి చదును చేయండి. పొడి ఇసుకలో గుర్తు జారిపోతుంది, గట్టిపడిన ఇసుకలో చీలమండ మడతపడుతుంది.

ట్రిపుల్ జంప్‌లో మొదటి గెంతు బాగా పోతుంది, రెండోది కూలబడిపోతుంది. మొత్తం 10 మీటర్లు కూడా రావడం లేదు.
— ఇంటర్ విద్యార్థిని, పర్లాకిమిడి (గజపతి జిల్లా)

మొదటిది మరీ బాగా పోవడమే జబ్బు, అమ్మా. తొక్కుడుబిళ్ళ ఆటలోలా అదే కాలి మీద దిగాలి గదా, ఎంత ఎత్తు నుంచి దిగితే మోకాలి మీద అంత బరువు. మోకాలు వంగిపోతుంది, వేగం అక్కడే చచ్చిపోతుంది. 1995 ఆగస్టు 7న గోథెన్‌బర్గ్‌లో జోనథన్ ఎడ్వర్డ్స్ దూకిన 18.29 మీటర్ల లెక్క ఇది: 6.05, 5.22, 7.02. మొదటి గెంతు కంటే చివరిది దాదాపు మీటరు ఎక్కువ! చెరువు మీద పెంకు కప్పగంతులు వేసినట్టు, ఎత్తుకు పోకుండా వేగం మిగుల్చుకుంటూ వెళ్ళాడు.

అదే నిష్పత్తిలో 10 మీటర్లకు 3.30, 2.85, 3.85 వస్తాయి. పచ్చిక మీద ఆ దూరాల్లో సున్నం గీతలు గీసి, ఎనిమిది అడుగుల రనప్‌తో వాటిని తాకుతూ పొండి. ఎవరినైనా కళ్ళు మూసుకుని పాదాల చప్పుడు వినమనండి. మూడు చప్పుళ్ళ మధ్య ఎడం సమంగా ఉండాలి. రెండో చప్పుడు తర్వాత మూడోది గబుక్కున వినబడితే రెండో గెంతు కూలినట్టే.

ఇంకొక జాగ్రత్త. అంతర్జాతీయ పోటీల్లో ఆడవాళ్ళ బోర్డు ఇసుకకు 11 మీటర్ల దూరంలో ఉంటుంది. మీకు 7 చాలు. మీ స్థాయికి 9 మీటర్ల బోర్డు పెడితే ఒక్క దూకు తప్పినా గట్టి నేల మీదే పడతారు.

మా స్కూల్లో హై జంప్‌కు పరుపు లేదు, ఇసుకే. పిల్లలు ఫోన్లో చూసి వెల్లకిలా దూకుతామంటున్నారు. నేర్పవచ్చా?
— వ్యాయామ ఉపాధ్యాయుడు, రాయగడ

వద్దు మాస్టారూ, ఒక్కసారి కూడా వద్దు. 1968లో డిక్ ఫాస్‌బరీ 2.24 మీటర్లు వెల్లకిలా దూకి స్వర్ణం గెలిచాక ఆ పద్ధతి లోకమంతా పాకిందంటే, ఇసుక, రంపపు పొట్టు పోయి నురగ పరుపులు వచ్చిన కాలం కావడం ముఖ్య కారణం. ఆ పద్ధతిలో దిగేది మెడ, భుజాల మీద. పెద్ద పోటీల పరుపు 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 70 సెంటీమీటర్ల మందం ఉంటుంది. జిమ్నాస్టిక్స్ చాపలు రెండు పేర్చి సరిపెట్టుకోవాలని చూడకండి. వాటి మధ్య సందులో కాలో మెడో ఇరుక్కుంటుంది.

ఇసుకలో కత్తెర పద్ధతి (పక్క నుంచి వచ్చి ఒక కాలి తర్వాత ఒక కాలు బార్ మీదుగా దాటించడం) నేర్పండి, కాళ్ళ మీదే దిగుతారు. అది తక్కువ చదువేమీ కాదు. ఫాస్‌బరీ కూడా మొదట కత్తెరే దూకాడు. బోర్లా దొర్లే పాత స్ట్రాడిల్ పద్ధతిలోనే వ్లదీమిర్ యాష్చెంకో 1978లో 2.34 దాటాడు, అంటే ఫాస్‌బరీ తర్వాత పదేళ్ళకు కూడా. పిల్లలకు ఎనిమిది అడుగుల పరుగు ఇవ్వండి. మొదటి నాలుగు సూటిగా, తర్వాతి నాలుగు వంపు తిరుగుతూ, ఒళ్ళు వంపు లోపలికి వాలి ఉండాలి. లేచే చోటు బార్‌కు చెయ్యి చాపినంత దూరం. మరీ దగ్గరైతే పైకి లేస్తూనే బార్‌ను తంతారు. ఈ పరుగు కుదిరిన పిల్లలు పరుపున్న మైదానానికి వెళ్ళిన నాడు వెల్లకిలా పద్ధతి త్వరగా పట్టుకుంటారు. 1993లో 2.45 దాటిన సోటోమాయర్‌దీ, 2024లో 2.10 దాటి 37 ఏళ్ళ నాటి మహిళల రికార్డును చెరిపేసిన యరోస్లావా మహూచిఖ్‌దీ వంపు పరుగే.

జంప్స్‌లో మనవాళ్ళు ఎక్కడున్నారు?
— ఒక పాఠకురాలు, ధర్మాబాద్ (నాందేడ్ జిల్లా)

లాంగ్ జంప్‌లో అంజు బాబీ జార్జ్ 2003 పారిస్ ప్రపంచ పోటీల్లో 6.70తో కాంస్యం తెచ్చారు, మరుసటి ఏడు ఏథెన్స్‌లో 6.83 దూకారు. మగవాళ్ళలో 2023లో జెస్విన్ ఆల్డ్రిన్ 8.42, మురళీ శ్రీశంకర్ భువనేశ్వర్ కళింగ స్టేడియంలో 8.41 దూకారు. ట్రిపుల్ జంప్‌లో 2022 కామన్వెల్త్ స్వర్ణం, రజతం రెండూ మనవే: ఎల్దోస్ పాల్ 17.03, అబ్దుల్లా అబూబకర్ 17.02. మీ రాష్ట్రం నుంచి నాసిక్ జిల్లా వాసి సర్వేశ్ కుశారే 2025 టోక్యో ప్రపంచ పోటీల హై జంప్‌లో 2.28 దాటి ఆరో స్థానం సాధించారు.

వెదురు బొంగుతో పోల్ వాల్ట్ నేర్చుకోవచ్చా? మా దగ్గర వెదురుకు కొదవ లేదు.
— పదో తరగతి విద్యార్థి, గుణుపూర్

ఒకప్పుడు రికార్డులన్నీ వెదురువే. కార్నీలియస్ వార్మర్‌డామ్ 1942లో వెదురు బొంగుతోనే 4.77 మీటర్లు దాటాడు. తర్వాత వచ్చిన ఫైబర్‌గ్లాస్ బొంగు విల్లులా వంగి, పరుగు బలాన్ని దాచుకుని తిరిగి ఇస్తుంది. 1985లో సెర్గీ బుబ్కా 6 మీటర్లు దాటడానికీ, 2025 సెప్టెంబర్‌లో డుప్లాంటిస్ 6.30 దాటడానికీ అదే ఆధారం.

పరుపు లేకుండా బార్ పెట్టి మాత్రం దూకవద్దు. లాంగ్ జంప్ గుంటలో, మీ పీఈటీ సారు దగ్గరుండగా, దూరానికి దూకడం నేర్చుకోవచ్చు. కణుపుల దగ్గర చీలిక లేని ముదురు బొంగు తీసుకోండి. చీలిక ఉంటే విరిగినప్పుడు ఈటెలా గుచ్చుకుంటుంది. కణుపుల మధ్య టేపు గట్టిగా చుట్టండి. కుడిచేతి వాటమైతే కుడిచెయ్యి పైన, ఎడమ కాలితో లేవాలి. పైచెయ్యి నిలబడి అందుకునే ఎత్తు కంటే జానెడే పైన పట్టండి. ఆరడుగుల పరుగు, బొంగు మొన తడి ఇసుకలో దిగగానే పైచెయ్యి నిటారుగా చాచి ఊగండి, రెండు కాళ్ళ మీదా దిగండి. ఊగుతూ పక్కకు పడుతున్నారంటే లేచే పాదం పైచేతికి సరిగ్గా కింద పడడం లేదు. పరుగు మొదలుపెట్టే గుర్తును అరడుగు జరిపి మళ్ళీ చూడండి.