సత్ప్రసాదానికి లేవనివాళ్ళ సంగతి

బుజ్జమ్మా,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను, మీ పెద్దమ్మ కూరగాయలకి వెళ్ళినప్పుడు ఒకసారి, రాత్రి ఆవిడ పడుకున్నాక ఇంకోసారి. దేవుడి మీద నమ్మకం పోయింది, ఈ క్రిస్మస్‌కి ఇంటికొచ్చి అందరి ముందూ చెప్పేస్తావు, జనవరిలో అన్నయ్య కూతురి జ్ఞానస్నానంలో జ్ఞానతల్లిగా నిలబడనంటావు, గుడి రిజిస్టరులోంచి పేరు కొట్టెయ్యమని ఫాదర్ గారికి ఉత్తరం కూడా రాస్తావు. ఒక్క సెలవులో ఇంత పని పెట్టుకున్నావు. ఫోన్లో మాట్లాడదామంటే ఈ ఇంట్లో గోడలకి లేకపోయినా మీ పెద్దమ్మకి చెవులున్నాయి, అందుకని రాస్తున్నాను.

"పెదనాన్నా, నువ్వెప్పుడూ సత్ప్రసాదానికి లేవవెందుకు?" అని చివర్లో అడిగావు. పూజలో ఫాదర్ చేతి అప్పం తీసుకోవడానికి నేను లేవనిది నువ్వనుకున్న కారణానికే, నాకూ నమ్మకం లేదు. 1978 నుంచి.

నిన్నూ అడుగుతారు చూడు, నీకేం జరిగిందీ అని. ఎవరైనా పోయారా, ఏ ఫాదరైనా నలుగురిలో తిట్టాడా, బెంగుళూరులో ఎవణ్ణైనా ప్రేమించావా. ఏదో ఒకటి జరిగుండాలి వాళ్ళ లెక్కలో. నాకేమీ జరగలేదు. మే నెల, సాయంత్రం, వసారాలో చాప మీద జపమాల చెబుతున్నాం, మూడో పది అయ్యేసరికి అటువైపు ఎవరూ వినడం లేదనిపించింది. మిగిలిన ఇరవై కూడా చెప్పేసి అన్నం తిని పడుకున్నాను. అంతే కథ. నీ కథ కూడా ఇంతే చప్పగా ఉంటే చప్పగానే చెప్పు, వాళ్ళ కోసం మసాలా వెయ్యకు.

నేను చేసిన తెలివితక్కువ పని ఆ తర్వాతది. అప్పుడు విజయవాడలో చదువుతున్నాను. ఆ ఊరి తమాషా ఏంటంటే, గుణదల కొండ మీద 1924 నుంచి మేరీమాత ఉంది, అదే ఊళ్ళో పటమటలో 1947 నుంచి గోరా గారి నాస్తిక కేంద్రం ఉంది, సైకిలేసుకుంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవచ్చు. నేను వెళ్ళేసరికి గోరా గారు పోయి మూడేళ్ళయింది. ఆయన కొడుకు లవణం గారు మాట్లాడుతుంటే విన్నాను, లవణం గారి భార్య హేమలత గారిని చూశాను. ఆవిడ గుర్రం జాషువా గారి అమ్మాయి. క్రైస్తవ ఇంట్లో పుట్టిన పిల్ల 1960లో నాస్తికుల ఇంటికి కోడలిగా వెళ్ళిందంటే అప్పట్లో చిన్న విషయం కాదు. వాళ్ళు స్టువర్టుపురంలో దొంగలని ముద్రపడ్డ కుటుంబాల మధ్య పని చేసినవాళ్ళు. నేను మాత్రం ఆ పని వదిలేసి, వాదన ఒక్కటీ సంచిలో వేసుకుని ఇంటికొచ్చాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, ఆ రకం.

ఆదివారం పూజ అయ్యాక కోడికూర ముందు పెట్టుకుని మీ తాతతో అన్నాను, కన్యకి కొడుకెలా పుడతాడు నాన్నా, మీరు ఆలోచించరా అని. ఆయన సగం అన్నంలో చెయ్యి కడుక్కుని లేచాడు. ఏడాదిన్నర నాతో మాట్లాడలేదు. మీ నాన్నని మధ్యలో పెట్టి మాట్లాడేవాడు, "మీ అన్నని ఎరువు బస్తా తెమ్మను" అని, నేను రెండడుగుల దూరంలో కూర్చునుంటే.

ఆయన ఎందుకు లేచాడో నాకు చాలా ఏళ్ళు పట్టింది తెలియడానికి. తాత చిన్నప్పుడు పెద్దవీధిలో చెప్పులేసుకుని నడవడానికి లేదు. ఆయన మొదటిసారి బెంచీ మీద కూర్చుంది ఆర్సీఎం, అంటే రోమన్ క్యాథలిక్ మిషన్ బళ్ళో. పలక ఇచ్చింది వాళ్ళు, బోర్డింగులో మూడుపూటలా అన్నం పెట్టింది వాళ్ళు, పేరు చివర "గారు" తగిలించి పిలిచిన మొదటి మనిషి ఇటలీ నుంచి వచ్చిన గడ్డం ఫాదర్. నేను కన్య గురించి అడిగానని నేననుకున్నాను, తాతకి మాత్రం ఆ బెంచీ లాగేసినట్టు అనిపించి ఉంటుంది. గుడిలో కులం లేదని నేననను. రెడ్డి క్యాథలిక్కులు ముందు, మనవాళ్ళు వెనక కూర్చున్న రోజులు నేనే చూశాను, సమాధుల దొడ్లు వేరువేరుగా ఉన్న ఊళ్ళూ తెలుసు. అయినా 2022 ఆగస్టులో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ గారికి రోములో ఎర్ర టోపీ పెడుతుంటే, దళితుల్లోంచి మొట్టమొదటి కార్డినల్ అని టీవీవాళ్ళు చెబుతుంటే, ఏ నమ్మకమూ లేని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్న ఉంటే ఈ రోజు ఊరంతా చాక్లెట్లు పంచేవాడు కదా అని. "చర్చి అంతా మోసం" అని రాశావు నువ్వు. ఆ మాట నాకు రాయి, ఫరవాలేదు, మీ నాన్న దగ్గర అనకు.

సరే, అసలు విషయానికొస్తాను. ఇన్నేళ్ళలో నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది: గుడిలో కూర్చోవడం వేరు, నమ్మనిదానికి నోరు తెరవడం వేరు. పూజలో కూర్చో. అందరూ నిలబడితే నిలబడు, పాట నచ్చితే పాడు, క్రిస్మస్ పాటలు నాకిప్పటికీ ఇష్టమే. కానీ సత్ప్రసాదానికి లేవకు, పాపసంకీర్తనంలో ఫాదర్ దగ్గర మోకరించి ఉత్తుత్తి పాపాలు చెప్పకు. మనకి అది వట్టి అప్పమే, తింటే పోయేదేముంది అని నీకనిపిస్తుంది, నాకూ అనిపించేది. కానీ పక్కనున్న మీ అమ్మకి అది అప్పం కాదు. రేపు నిజం తెలిశాక ఆవిడ గుర్తు చేసుకునేది నీ నాస్తికత్వాన్ని కాదు, నమ్మకం లేకుండా నాలుక చాపిన రోజుల్ని.

దీంట్లో ఒక చిక్కుంది, అది మగవాణ్ణైన నాకు రాలేదు. పెళ్ళికాని ఆడపిల్ల సత్ప్రసాదానికి లేవకపోతే దేవుడి మీద అనుమానం వచ్చిందని ఊళ్ళో ఎవరూ అనుకోరు. ఎవడితోనో తిరుగుతోంది, అందుకే మొహం చెల్లడం లేదు అనుకుంటారు. సత్ప్రసాదానికి గంట ముందు నుంచి మంచినీళ్ళు, మందులు తప్ప ఏమీ తీసుకోకూడదని రూలుంది కదా, నేను దాన్ని అడ్డం పెట్టుకుని గుడికి బయల్దేరేముందు నలుగురూ చూసేట్టు టీ తాగేవాణ్ణి. "అయ్యో, టీ తాగేశానే" అనేవాణ్ణి. ఎన్ని ఏళ్ళు నడిచిందో ఆ టీ. నువ్వూ ఒకటి రెండుసార్లు వాడుకో, తప్పులేదు, కానీ దానితో జీవితం నడవదు. ఊరి మాట మీ అమ్మ చెవిన పడేలోపు అసలు కారణం నీ నోటి నుంచి ఆవిడకి తెలిసుండాలి.

ఎప్పుడు చెప్పాలంటే, 24 రాత్రి కాదు, 25న అసలే కాదు. చుట్టాలంతా వెళ్ళిపోయాక, 27నో 28నో, గిన్నెలు తోముతున్నప్పుడో బట్టలు మడతపెడుతున్నప్పుడో. ఎదురెదురుగా కూర్చోబెట్టి "నీతో మాట్లాడాలమ్మా" అంటే ఆవిడ గుండె ముందే జారిపోతుంది. చేతికి పని ఉంటే మనిషి తట్టుకుంటుంది. ఇంకోటి, "దేవుడు లేడు" అనకు. "నాకు నమ్మకం కలగడం లేదమ్మా" అను. మొదటి మాట ఆవిడ మీద పడుతుంది, రెండోది నీ గురించి చెబుతుంది. ఏడుస్తుంది. తన పెంపకంలో ఏదో లోపం జరిగిందంటుంది. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి మొక్కుకుంటుంది, ఆ మొక్కులో కొబ్బరికాయలు ఎన్నైనా ఉండనీ, నీ జుట్టు లేకుండా మాత్రం చూసుకో. మీ నాన్నకి విడిగా చెప్పనక్కర్లేదు, ఆ రాత్రికే తెలిసిపోతుంది, వాడు ఏమీ తెలియనట్టు టీవీ చూస్తాడు. మా తమ్ముడి సంగతి నాకు తెలుసు.

మీ అన్నకి మాత్రం వీళ్ళందరికంటే ముందు, ఈ వారమే ఫోన్ చెయ్యి. జ్ఞానతల్లి సంగతి ఆగదు. నువ్వు కుదరదనుకోవడం సరైనదే, నీ కంటే చర్చి చట్టమే ఆ మాట ముందు చెబుతుంది: జ్ఞానతల్లిదండ్రులు క్యాథలిక్కులై, విశ్వాసాన్ని స్థిరపరిచే భద్రమైన అభ్యంగనం పొంది, విశ్వాసంలో నడిచేవాళ్ళై ఉండాలి. జ్ఞానస్నానం తొట్టి దగ్గర నిలబడి "విశ్వసిస్తున్నాం" అని గట్టిగా చెప్పాలి. పసిపిల్ల తల మీద చెయ్యేసి అబద్ధం చెప్పలేనని మీ అన్నతో అను, వాడికి కోపం వస్తుంది, తర్వాత అర్థమవుతుంది. ఆ తెల్ల గౌను నువ్వు కొను, భోజనాల్లో ఒక ఖర్చు నువ్వు పెట్టుకో, ఫోటోలో పిల్లని ఎత్తుకో. మేనత్తవి, ఆ హోదాకి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

రిజిస్టరు ఉత్తరం వద్దు. అది జ్ఞానస్నానం జరిగిందని రాసుకున్న పుస్తకం, జరిగినదాన్ని వాళ్ళు చెరపరు. ఫాదర్ గారు మీ నాన్నని పిలిపిస్తారు, అంతే ఫలితం. మనలాంటి దళిత క్రైస్తవులకిచ్చే బీసీ-సి కులం కాగితం జోలికి కూడా తొందరపడి వెళ్ళకు, ముందు తెలిసిన లాయర్ని అడుగు.

పెళ్ళి మాట నువ్వెత్తలేదు, నేనెత్తుతాను. క్యాథలిక్ అబ్బాయిని గుడిలోనే చేసుకుంటే, విశ్వాసాన్ని బాహాటంగా వదిలేసినవాళ్ళ పెళ్ళికి బిషప్ గారి అనుమతి కావాలి, పిల్లల్ని క్యాథలిక్కులుగా పెంచుతానని అబ్బాయి మాట ఇవ్వాలి, ఆ మాట నీకూ తెలియజేస్తారు. అది చదవకుండా తలూపకు. గుడి వద్దనుకుంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది, ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఏ దారైనా సరే, అబ్బాయికి మొదటి నెలలోనే చెప్పు. నేను మీ పెద్దమ్మకి పెళ్ళైన మూడేళ్ళకి చెప్పాను. ఆవిడ అప్పుడు ఏడ్చింది దేవుడి కోసం కాదు. "మూడేళ్ళు నా పక్కన మోకరించి నటించావా?" అంది. ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు, ఆవిడా మళ్ళీ అడగలేదు.

నాయనమ్మ విషయం రాయాలా వద్దా అని ఆలోచించాను. నీకు లీలగా గుర్తుండాలి, చివరి ఐదు నెలలు మంచం మీదే ఉంది. జ్ఞాపకం చెదిరిపోయింది, జపమాల మొదలుపెట్టి పదో పన్నెండో తెలియక మధ్యలో ఆగిపోయి భయపడేది. ఇంట్లో అందరూ పనులకి పోయేవాళ్ళు, రిటైరైనవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని నేనే చెప్పేవాణ్ణి. "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము" అని నేనంటే మిగతా సగం ఆవిడ అందుకునేది, కొడుకు పేరు మర్చిపోయిన మనిషి ఆ సగం ఒక్క మాట కూడా తప్పేది కాదు. రోజూ యాభై మూడు మరియమ్మలు, ఐదు నెలలు. నమ్మనిదానికి నోరు తెరవద్దని పైన నీకు చెప్పినవాణ్ణి నేనే. అది అబద్ధమా అంటే, నాకు మాత్రం మందు పట్టించడం, పక్క మార్చడం లాంటిదే అనిపించింది. ఎక్కడ గీత గియ్యాలో నాకు పూర్తిగా తెలిసిందని అనుకోకు. పోయాక సమాధుల పండగకి ఏటా నవంబరు 2న వెళ్ళి కొవ్వొత్తి వెలిగిస్తాను. గాలికి ఆరిపోతే మళ్ళీ వెలిగిస్తాను, ఎందుకని అడిగితే చెప్పలేను.

ఇంకొక్క సంగతి, ఇది నీ ఆఫీసులో పనికొస్తుంది. నువ్వు క్రైస్తవం వదిలేశావని తెలియగానే కొందరు మహా సంతోషపడతారు, "మరి మన ధర్మంలోకి తిరిగొచ్చేశారా?" అని. ఇంకో పక్క పెంతెకోస్తు పాస్టరు గారు, విగ్రహాలు చూసి విసిగిపోయావని సంబరపడి బైబిలు పట్టుకొస్తారు. ఇద్దరికీ టీ ఇచ్చి పంపించెయ్. మొదటివాళ్ళతో మాత్రం జాగ్రత్త. మన ఇంటి మీద నువ్వు చేసే విమర్శని వాళ్ళు కర్రగా వాడుకుంటారు. 2008లో ఒడిశాలోని కంధమాల్‌లో మన క్రైస్తవుల గుళ్ళు తగలబెట్టినప్పుడు ఇక్కడ శాంతి ర్యాలీకి నేనూ కొవ్వొత్తి పట్టుకుని నడిచాను, సిస్టర్ల వెనకాలే. దెబ్బలు పడుతున్నది మనవాళ్ళ మీద.

ఇక ఫాదర్ గార్లకి భయపడకు. పాపసంకీర్తనంలో విన్నది వాళ్ళు బయట చెప్పకూడదు, ఆ కట్టుబాటు చాలా గట్టిది. నేను 1979లో ఆ చెక్క జాలీ ఇటువైపు మోకరించి, "ఫాదర్, నేను చెప్పడానికొచ్చింది పాపం కాదు, నాకు నమ్మకం పోయింది" అన్నాను. అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆయన అడిగింది, "అయితే ఆదివారం పిల్లలకి సత్యోపదేశం ఎవరు చెబుతారు?" అని. అప్పుడు ఆ పాఠం చెప్పేది నేనే. వేరే మనిషి దొరికేదాకా రెండు నెలలు లెక్కలు చెప్పి నెట్టుకొచ్చాను.

టికెట్ చేశావా? 24న పూజ రాత్రి పదకొండున్నరకి. నువ్వు ఆడవాళ్ళ వైపు చివరి బెంచీలో గోడ పక్కన కూర్చో, నేను ఇటువైపు చివరి బెంచీలో ఉంటాను. సత్ప్రసాదానికి గుడంతా లేస్తుంది, మనిద్దరమే మిగులుతాం. నన్ను చూసి నవ్వకు, మీ పెద్దమ్మ వరసలోంచి వెనక్కి తిరిగి చూస్తుంది. శాలువా తెచ్చుకో, తలుపు దగ్గర చలి.

మీ పెదనాన్న