కాలి రక్తనాళం మూసుకుపోతే స్టెంటా, బైపాసా?

మీ మామయ్యగారి కాలికి స్టెంట్ మేలా, బైపాస్ మేలా అని అడిగారు. మా నాన్నకు నిరుడు బైపాస్ చేశారు. దాని గురించి చెబుతాను గానీ, ముందు ఆరు నెలలు ఎలా పోగొట్టుకున్నామో చెప్పాలి.

నాన్న గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. యాభై అడుగులు నడిస్తే పిక్క పట్టేసేది. ఎవరికీ తెలియకుండా ఏదో ఒక టిక్కీ (మిర్చి బస్తా) దగ్గర ఆగి, కాయ చూస్తున్నట్టు నిలబడేవాడు. నొప్పి వదిలాక మళ్లీ నడక. ఇంట్లో మాత్రం "నరం లాగుతోందిరా" అనేవాడు. రక్తం పారే గొట్టమైనా, నొప్పి తెలిపే తీగైనా మనకు అన్నీ నరాలే కదా! ఆ ఒక్క మాట పట్టుకుని నరాల బలానికి బిళ్లలు రాశారు, నడుముకు ఎమ్మారై తీయించారు. పాదం మీద వేళ్లు పెట్టి నాడి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నాకు ఇప్పటికీ కోపమే.

చివరికి రాత్రిళ్లు పడుకుంటే పాదం మంట. మంచం మీంచి కాలు కిందికి వేలాడేస్తేనే కాస్త నిద్ర. అప్పుడు విజయవాడ సూర్యారావుపేటలో ఒక వాస్క్యులర్ సర్జన్, అంటే రక్తనాళాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన బీపీ పట్టీని చీలమండ పైన కట్టి, జెల్ రాసి, రక్తం పారే చప్పుడు వినిపించే పెన్నులాంటి డాప్లర్ ఆనించారు. ఎడమ కాల్లో హుష్ హుష్‌మని గట్టి చప్పుడు. కుడి కాల్లో చెవి దగ్గర పెట్టుకున్నా గుసగుసే. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కంటే తక్కువ రాకూడదు. నాన్నకు 0.35 వచ్చింది.

కొద్ది మేర మూసుకుంటే నాళంలో బెలూన్ ఉబ్బించి, స్టెంట్ అనే జాలీ గొట్టం పెడితే సరిపోతుందట. గజ్జల దగ్గరైతే కోసి లోపలి పూడిక తీసేస్తారట. నాన్నకు తొడ పొడవునా మూసుకుపోయింది. "పెద్దాయనా, ఈ కాలువ పూడిక తీస్తే లాభం లేదు, పక్కన కొత్తది తవ్వాలి" అన్నారు సర్జన్. అదే బైపాస్. అదే కాలి సిర (రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే నాళం) తీసి, లోపలి కవాటాలు రక్తానికి అడ్డు రాకుండా తిరగేసి, గజ్జల నుంచి మోకాలి కిందికి కలిపారు. ఆపరేషన్ అయ్యాక సర్జన్ నా వేలు పట్టుకుని నాన్న పాదం మీద పెట్టారు. టక్ టక్‌మని కొట్టుకుంటోంది. నాకు ఏడుపొచ్చేసింది.

అందుకే సిర బాగుండి, గుండె తట్టుకుంటే బైపాసే అంటాను. 2022లో వచ్చిన, ఈ రెండు పద్ధతులనూ రోగుల్లో పోల్చి చూసిన బెస్ట్-సీఎల్ఐ ట్రయల్లోనూ మంచి సిర ఉన్నవాళ్లకు అదే మెరుగని తేలింది. మరుసటేడు బ్రిటన్‌లో వచ్చిన మరో ట్రయల్లో, మోకాలి కింది నాళాల విషయంలో, ఫలితం బెలూన్ వైపు మొగ్గింది. అయినా నా మాట మారదు.

ఏది చేయించినా పొగ మానకపోతే మళ్లీ మూసుకుంటుంది. నాన్న చుట్ట మానడానికి మేం పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఆస్పత్రి గేటు ఎదురుగానే సిగరెట్లమ్మే బడ్డీకొట్టు, ఎవరూ తీయించరేం?

సంతకం పెట్టేముందు డాక్టరుగారిని రెండే అడగండి: ఎంత పొడవున మూసుకుంది, కాలి సిర స్కాన్‌లో ఎలా ఉంది.