ఇండియా నుంచి తెచ్చిన డెస్క్‌టాప్ ఆన్ కావట్లేదా?

అమెరికా వచ్చిన కొత్తలో డెస్క్‌టాప్ మోసుకొచ్చినవాళ్లు నాకు ఫోన్ చేస్తే మొదటి మాట ఒకటే: "అన్నా, మదర్‌బోర్డు పోయినట్టుంది!" మదర్‌బోర్డు సంగతి తర్వాత. ముందు కంప్యూటర్ పెట్టె వెనక్కి వెళ్లి చూడండి.

పవర్ కేబుల్ గుచ్చే చోట, ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు సరిపడేలా మార్చే డబ్బా) మీద చిన్న ఎర్ర స్విచ్ ఉందా? దాని మీద 115, 230 అని ఉంటుంది. ఇండియాలో 230 వోల్టులు, ఇక్కడ 120. స్విచ్ 230 దగ్గరే ఉండిపోతే ఇక్కడి కరెంటు చాలక కంప్యూటర్ లేవదు. అంతే, ఏమీ కాలిపోలేదు. కేబుల్ పీకేసి, స్విచ్ 115కి జరిపి, మళ్లీ గుచ్చండి. దీనికి ఉల్టా అయితేనే ప్రమాదం. ఇక్కడ 115కి మార్చిన పెట్టెను ఇండియా తీసుకెళ్లి అలాగే ప్లగ్గులో పెడితే ఠప్‌మని ఎస్‌ఎంపీఎస్ పోతుంది. లేబుల్ మీద 100–240 అని ఉండి, ఎర్ర స్విచ్ లేకపోతే ఈ గొడవే లేదు.

రెండోది గోడ. ఇక్కడి సాకెట్ల పక్కన మనకు అలవాటైన స్విచ్ ఉండదు కాబట్టి ఎప్పుడూ కరెంటు వస్తుందనుకుంటాం. కానీ చాలా అపార్ట్‌మెంట్లలో ఏదో ఒక సాకెట్‌ను తలుపు దగ్గరి లైటు స్విచ్‌కి కలిపేస్తారు, టేబుల్ ల్యాంప్ పెట్టుకుంటారని. ఇది తెలియక నేను ఒక శనివారమంతా పెట్టె విప్పి, ర్యామ్ తీసి, తుడిచి, పెట్టి, మళ్లీ తీశాను. సాయంత్రం చీకటి పడుతోందని మా ఆవిడ ఆ స్విచ్ వేసింది. కంప్యూటర్ ఫ్యాన్ గిర్రున తిరిగింది! ఆ మాట ఇప్పటికీ ఎత్తుతుంది. అందుకే ముందు అదే సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి.

ఇండియా కేబుల్‌కు అడాప్టర్ పిన్నులు తగిలించి కుస్తీ పట్టకండి. పెట్టె వైపు గుచ్చే కొన మామూలు డెస్క్‌టాప్‌లకు అన్ని దేశాల్లోనూ ఒకటే. ఇక్కడి మూడు పిన్నుల కేబుల్ కొనుక్కుంటే చాలు, ఎర్త్ కూడా సరిగ్గా అందుతుంది.

ఇవన్నీ బాగున్నా ఉలుకూ పలుకూ లేకపోతే, కేబుల్ పీకి అప్పుడు మూత తీయండి. ప్రయాణం కుదుపులకు ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు వచ్చే 24 పిన్నుల కనెక్టర్, ప్రాసెసర్ దగ్గరి చిన్న కనెక్టర్ వదులవుతుంటాయి, గట్టిగా నొక్కండి. ఫ్యాన్ తిరిగి స్క్రీన్ మాత్రం రాకపోతే ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు తీసి పెట్టండి. పవర్ బటన్ మీద అనుమానముంటే మదర్‌బోర్డు మీద దాని వైర్ తీసి, ఆ రెండు పిన్నులకే రీసెట్ బటన్ వైర్ తగిలించి రీసెట్ నొక్కండి. లేచిందంటే చెడింది బటనే.

చివరికి ఎస్‌ఎంపీఎస్సే పోయిందని తేలితే దాని డబ్బా విప్పకండి, ప్లగ్గు పీకాక కూడా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. కొత్తది వేసుకోండి. పాతదాని ఊడదీసే కేబుళ్లు కొత్తదానికి తగిలించవద్దు: ఒకేలా కనిపించినా లోపలి వైరింగ్ వేరుగా ఉండొచ్చు.