మామయ్యగారి రేడియోలు, మీ హాలు

ప్రశ్న: మాది బెంగళూరు మారతహళ్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. అత్తయ్య పోయాక మామయ్యగారిని తెనాలి నుంచి తెచ్చుకున్నాం. ఆయన వెంట పాతకాలపు గాజు వాల్వుల రేడియో ఒకటి వచ్చింది. ఇప్పుడు అయిదయ్యాయి. పోయిన నెల పాత సామాన్ల బజారు నుంచి పెద్ద రేడియోగ్రామ్ (రేడియో, రికార్డు ప్లేయరు కలిసిన మూత పెట్టె) కూడా ఆటోలో దించారు. హాల్లో నడవడానికి దారి లేదు. రాత్రి పదకొండు దాకా ఒకటే గరగర, నాలుగేళ్ల బాబు నిద్రపోడు. మావారేమో "పెద్దాయన, పోనీలే" అంటారు. నేను నోరు తెరిస్తే చెడ్డదాన్నవుతాను.

జవాబు: అమ్మా, మీ వారి "పోనీలే" వల్ల మంచితనం ఆయనకీ, చిరాకు మీకూ మిగిలాయి. తండ్రితో మాట్లాడాల్సింది కొడుకే. ఆ మాట ముందు మీ వారికి గట్టిగా చెప్పండి.

ఇక ఆ గరగర. ఆ పాత రేడియోల్లో వచ్చే మీడియం వేవ్ ప్రసారం చీకటి పడ్డాక చాలా దూరం వెళ్తుంది, అందుకే దూరపు స్టేషన్లను రాత్రిపూట వెతుకుతారు. బెంగళూరు ఆకాశవాణి కేంద్రం 612 కిలోహెర్ట్జ్ మీద పగలే హాయిగా వస్తుంది. దాని కోసం రాత్రి పదకొండు దాకా ముల్లు తిప్పక్కర్లేదు. 837 దగ్గర వెతుకుతున్నారేమో చూడండి. అది విజయవాడ. 1948లో మొదలైన కేంద్రం, తెనాలి ఇంట్లో అత్తయ్యగారితో కలిసి విన్నది అదే అయ్యుండొచ్చు. ఒక రాత్రి పక్కన కూర్చుని "ఏ స్టేషన్ మామయ్యా?" అని అడగండి. ఎల్ఈడీ బల్బులు, మొబైల్ చార్జర్లు కాసేపు ఆపి చూడండి, గోల చాలావరకు తగ్గొచ్చు. ఇయర్‌ఫోన్ పెట్టుకోమనకండి, ఆ సెట్లలో చాలావాటికి ఆ సాకెట్టే ఉండదు. పది దాటితే ఆయన గదిలో, తలుపు వేసుకుని, చిన్నగా.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకండి. వాల్వు సెట్టు లోపల 200 వోల్టులు దాటుతుంది. ప్లగ్ పీకినా కండెన్సర్లలో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. కొన్ని మోడళ్లలో లోపలి ఇనప రేకుకే కరెంటు పారుతుంది. వెనక అట్ట ఊడిన సెట్టు ఏదీ బాబు చేతికి అందేలా ఉండకూడదు. ఏళ్ల తరబడి మూలపడి ఉన్నదాన్ని వాల్వులు తెలిసిన మెకానిక్ చూశాకే ప్లగ్గులో పెట్టాలి. ఇది కోడలి సణుగుడు కాదు, ఆయనకూ తెలిసిన విషయమే.

రేడియోగ్రామ్ ఆయన గదిలోకి మార్చండి. ఇకపై ఒకటి వస్తే ఒకటి పోవాలని తండ్రీకొడుకులు తేల్చుకోవాలి. రేడియోగ్రామ్ మీద టీవీ పెట్టి హాల్లోనే ఉంచేద్దామని మాత్రం అనుకోకండి. మూత ఎత్తితేనే కదా రికార్డు పెట్టేది!